తుడిచిన ఆకు

ఇంత తెల్లగా ఎలా ఉంటుంది, రేవు బొగ్గుగుట్టల పక్క వీధిలోంచి వచ్చిన కాగితం, అని దేవి వెనకాల సందులో నడుస్తూ సత్యశ్రీ మళ్లీ అదే ఆలోచించింది, ఎనిమిదో తరగతికి తను చెప్పిన పని ఎంత తేలిక, మీ వీధిలో ఏదో ఒక ఆకు మీద టేపు అంటించి, ఊడదీసి, తెల్లకాగితానికి అతికించి తెండి, గాలి ఏం మోస్తోందో అదే చెబుతుంది, రుషికొండ సుమంత్ కాగితం మీద సన్నటి ఇసక, దువ్వాడ పిల్లలవాటి మీద రోడ్డు దుమ్ము, దేవిది మాత్రం పాలలా, ఇంట్లో కూర్చుని ఉత్త టేపు అతికించేశావు కదే అని నిన్న అందరిముందూ తిట్టి ప్రదర్శనలోంచి పేరు కొట్టేసింది, లేదు టీచర్ అంది ఆ పిల్ల, అంతే, హెడ్మాస్టర్ రమణమూర్తికి మాత్రం ఆ కాగితమే తెగ నచ్చింది, ప్రదర్శన అట్ట మధ్యలో పెట్టండమ్మా, రేవు పక్కనే గాలి ఇంత శుభ్రమని రాయండి, పైవాళ్లు సంతోషిస్తారు అన్నాడు, అబద్ధానికి చెమ్కీ కాగితం ఒకటి తక్కువ, రేపు పొద్దున్నకల్లా అట్ట గోడకెక్కాలి, పెడితే అబద్ధం, తీసేస్తే ఈ వీధే లేనట్టు.

రాండి టీచరమ్మా, కూకోండి, ఉండండుండండి, అని దేవి అమ్మమ్మ నూకాలు తడిగుడ్డతో స్టూలు తుడిచింది, గ్లాసు తుడిచింది, కుండ మూత తుడిచి అప్పుడు తీసింది, నువ్వెలా చేశావో చూపించవే అని సత్యశ్రీ అంటే దేవి వాకిట్లో జామాకు కోసి, అదే గుడ్డ అందుకుని ముందూ వెనకా శుభ్రంగా తుడిచి, టేపు కోసం చెయ్యి చాపింది, తుడిచావేంటే అంటే తెల్లబోయి చూసింది, మురికాకు మీకెలాగిస్తాను టీచర్, నూకాలు నవ్వేసింది, తుడవకుండా ఎవులైనా దేన్నైనా ముట్టుకుంతారేటమ్మా, మీ ద్వారకానగర్లో ముట్టుకుంతారేటి.

ముట్టుకుంటారు, సత్యశ్రీ ఇంట్లో ఫ్యాను రెక్కలు పండక్కి పండక్కీ తుడుస్తారు, ఆకు తుడవొద్దని చెప్పాలని తనకి తోచనే లేదు, తోచేంత దుమ్ము తనెప్పుడు తిన్నది గనక, తిట్టడం మాత్రం తోచింది, అదీ నలభైమంది ముందు, నూకాలు గుడ్డని మేకుకి తగిలించింది, దాని రంగేమిటో ఇక చెప్పలేం, ఎన్నాళ్లదీ గుడ్డ అంటే, ఎన్నాల్లేటమ్మా, పొద్దున ఉతికిందే, ఉండండి, మల్లీ జాడిస్తాను, వద్దు మామ్మా, ఉతకొద్దు, అలాగే ఇవ్వండి, అంటూ సత్యశ్రీ లేచింది, రేపు అట్ట మధ్యలో మేకు కొట్టి దీన్నే వేలాడదీయాలి, పొద్దున ఉతికిన గుడ్డ, సాయంత్రానికి ఇది, కింద దేవి పేరు, రమణమూర్తి ఏమైనా అననీ, కానీ దానికంటే ముందు, గుడ్డకంటే ముందు, ఆ నలభైమంది ముందే, తప్పు నాదే అని ఈ పిల్లకి చెప్పాలి.