మరచెంబులో నీళ్లు

“నీళ్లు మరిచిపోవద్దు లూదియా. సారుకు ఊరి నీళ్లు పడవు. కాచి చల్లార్చి పెట్టు” అని మా ఆయన పడుకోబోతూ రెండుసార్లు చెప్పాడు. తెల్లవారకముందే లేచి కాచాను. గుడ్డతో వడగట్టి పెద్ద మరచెంబు నిండా పోశాను. మూత బిగించి, చెంబుకంటిన తడిని కొంగుతో తుడిచాను. కారులో నేను తప్ప అందరి కోసం పెట్టిన నీళ్లు అవి.

నేను ముందురోజు మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేశాను. ఇది మా అత్త జీవమ్మ నేర్పిన విద్య. పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. “ప్రయాణమంటే ముందునాడే నీళ్లు తగ్గించుకోవాల అమ్మీ. దోవలో మొగోళ్లను నిలబెట్టి చెట్టుచాటుకు పోతే ఏం మర్యాద? మేం చేన్లల్లో పొద్దుగూకేదాకా ఆపుకోలేదా? సచ్చిపోయినామా?” చచ్చిపోలేదు. నిజమే. ఆ విద్య నాకు ప్రయాణాలకే కాదు, రోజూ పనికొచ్చింది. ఆళ్లగడ్డ బడిలో టీచర్ని, నంద్యాల నుంచి బస్సులో పోయి వస్తాను. పొద్దున ఇల్లు వదిలితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే చేరేది. బడిలో మరుగుదొడ్డి ఒకటి ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి హెడ్మాస్టరు కుర్చీ వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది. మగ టీచర్లందరి మధ్యకు పోయి అడగాలి. ఒకసారి అడిగాను. “పోయి రా తల్లీ, పోయి రా” అని పుట్టింటికి సాగనంపుతున్నట్టు ఇచ్చాడు. మిగతావాళ్లు కాపీ పుస్తకాల్లోకి తలలు వంచుకుని నవ్వారు. మళ్లీ అడగలేదు. నీళ్లే మానేశాను.

ఉచ్చ గురించి రాయడమేమిటని ముక్కు మూసుకునేవాళ్లు మూసుకోవచ్చు. అది ఎనభై నాలుగు డిసెంబరు. ఆ ఏడాదిలోనే నాకు చలిజ్వరం పదేపదే వచ్చింది. పొత్తికడుపులో మంట, నడుములో పోటు. డాక్టరు పరంజ్యోతమ్మ మా ఆయన ముందరే తిట్టింది. “నీళ్లు తాగకుండా, వచ్చింది ఆపుకుంటా ఎన్నాళ్లు ఈడుస్తావు? ఈసారి కిడ్నీలకు పాకితే నా దగ్గరికి రావద్దు. నా చేతుల్లో ఏం ఉండదు.” మా ఆయన సామ్యేలు తల ఊపాడు, మాత్రలు కొనిచ్చాడు, బయటికి వచ్చాక “డాక్టర్లు అట్లనే భయపెడతారులే” అన్నాడు.

ఆ వారమే పిట్టల ప్రయాణం పెట్టుకున్నాడు. రోళ్లపాడు గడ్డిబీళ్లలో బట్టమేక అనే పెద్ద పిట్ట ఉందనీ, దేశంలో కొన్నే మిగిలాయనీ వాళ్ల పై ఆఫీసరు ఆదినారాయణ గారు ఎక్కడో చదివాడు. రెండో శనివారం చూసొద్దామన్నాడు. ఆయన రిపోర్టు రాస్తే మా ఆయనకు ప్రమోషను. కాబట్టి కోడికూర నేను వండాలి, చిత్రాన్నం నేను కలపాలి, ఆఫీసరు భార్య రామేశ్వరమ్మకు తోడు నేను కూర్చోవాలి. “దోవలో ఒక్కసారి ఆపమంటావా మాకోసం?” అని అడిగాను. “సారు ముందర ఆ మాట ఎత్తొద్దు. ఒక్క పూట ఆపుకోలేవా?” అన్నాడు. నాకు కోపం రాలేదు. ఏమీ రాలేదు. కొత్తిమీర తరగడం మిగిలి ఉంటే తరిగాను.

కారు అంబాసిడర్. ముందు డ్రైవరు రంగయ్య పక్కన ఆఫీసరు, మెడలో దుర్భిణితో. వెనక ఒక కిటికీ దగ్గర మా ఆయన, ఇంకో కిటికీ దగ్గర రామేశ్వరమ్మ, మధ్యలో నేను. ఒళ్లో క్యారియరు, కాళ్ల దగ్గర మరచెంబు. గడివేముల దాటగానే “ఆపప్పా రంగయ్యా” అన్నాడు ఆఫీసరు. మగవాళ్లు ముగ్గురూ దిగి, మాకు వీపులు పెట్టి, మంచులో వరసగా నిలబడ్డారు. వచ్చి నీళ్లు తాగారు. మిడుతూరులో టీ కోసం ఆపారు. ఊరు దాటాక టీ దింపుకోవడానికి ఆపారు. తీగమీద నీలంపిట్ట కనబడితే ఆపారు. ఎన్నిసార్లు ఆగిందో ఆ కారు!

నేను మర్యాదకని రామేశ్వరమ్మ వైపు గ్లాసు చాచాను. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. “వద్దమ్మా. శనివారం ఒక్కపొద్దు. అహోబిలం సామికి. నీళ్లు గూడా ముట్టను” అంది. నాకు అర్థమైంది అనుకున్నాను. మా కులం ఇంటి నీళ్లు కదా. ఇలాంటి ఒక్కపొద్దులు నేను చాలా చూశాను. వాళ్లాయన మాత్రం మధ్యాహ్నం మా కోడికూర ఎముకలు కూడా వదల్లేదు. నేను గ్లాసు వెనక్కి తీసుకుని మూత బిగించాను.

బీడంటే బీడు. మోకాలెత్తు ఎండుగడ్డి ఆకాశం దాకా. ఒక్క చెట్టు లేదు, బండ లేదు, పొద లేదు. దూరంగా ఒక జొన్నచేను మాత్రం పచ్చగా నిలబడి ఉంది. మగవాళ్లు కారు నీడలో దుప్పటి పరుచుకుని దుర్భిణి చేతులు మార్చుకుంటూ కూర్చున్నారు. మాకు ఎవరూ ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

“శానా సిగ్గు దానికి” అంటున్నాడు ఆఫీసరు, బొమిక చీకుతూ. “మనుషుల అలికిడి తగిలితే గుడ్డు గూడా వదిలేసి పోతాదంట సామ్యేలూ. దానికి మరుగు కావాల. ఎవరూ తొంగిచూడని జాగా కావాల. ఈ బీడంతా కంచె ఏసి కాపాడాలని పైవాళ్లకు రాస్తాండారంట.”

“రాయాల సార్. నోరులేని జీవం” అన్నాడు మా ఆయన.

నేను వాళ్ల ఎంగిలి కంచాలు ఇసుకతో తోముతున్నాను. పొత్తికడుపులో మంట మొదలైంది. నీళ్లు తాగకపోయినా ఆ మంట ఊరుకోదు. చుక్క చుక్కకీ తరుముతుంది. మా ఆయన దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. “ఆగు. పిట్ట వచ్చే టయిము” అన్నాడు, దుర్భిణి కళ్ల నుంచి తీయకుండానే. ఆగాను. నడుములో పోటు ఎక్కింది. పరంజ్యోతమ్మ గొంతు వినబడింది. ఇక ఎవరికీ చెప్పకుండా జొన్నచేను వైపు నడిచాను.

చేను పదడుగుల దూరం ఉందనగా నా ముందర నేల లేచింది. నేలే అనుకున్నాను. గడ్డిరంగు వీపు, తెల్లటి పొడుగు మెడ, నల్లటి టోపీ పెట్టినట్టు తల. మేకపిల్లంత ఉంది. నా వైపు ఒకసారి చూసి, బరువైన రెక్కలు కొట్టుకుంటూ పైకి లేచింది. వెనక నుంచి కేకలు. “అదో! అదో! బట్టమేక!” తిరిగి చూశాను. మగవాళ్లు ముగ్గురూ లేచి నిలబడి ఉన్నారు. దుర్భిణి సూటిగా నా మీదికి ఉంది. పిట్ట చేనుమీదుగా పోయింది. దుర్భిణి ఇంకా అటే ఉంది, పిట్ట మళ్లీ వస్తుందేమోనని. నేను కొంగు పట్టుకుని ఆ దుర్భిణి ముందర నిలబడ్డాను. కూర్చోలేకపోయాను. కాసేపు నిలబడి అట్లాగే వెనక్కి వచ్చాను.

“కొంచేపు ఆపుకోలేకపోతివా?” అన్నాడు మా ఆయన, పళ్ల మధ్య నుంచి. “సారు దగ్గర్నించి చూసేటోడు. అంతా చెడగొడితివి.”

“పోనీలేప్పా” అన్నాడు ఆఫీసరు పెద్దమనసుతో. “ఆడోళ్లను పిట్టల కాడికి తేవడమే మన తప్పు.” రంగయ్య నవ్వలేదు. మా ఆయన నవ్వాడు.

నాకు ఏడుపు రాలేదు. క్యారియరు సర్దాను, దుప్పటి దులిపాను, మడత పెట్టాను. మగవాళ్లు మళ్లీ వీపులు పెట్టి నిలబడి వచ్చారు. కారెక్కాం. పొద్దు వాలుతోంది. ఆఫీసరు బట్టమేక రెక్కల వెడల్పు చేతులు చాచి చూపిస్తున్నాడు, మా ఆయన ఇంకొంచెం వెడల్పు చేసి చూపిస్తున్నాడు. అలికిడి పడదట. మరుగు కావాలట. నోరులేని జీవమట. దానికి నోరు లేకపోయినా ఇంతమంది దాని తరఫున మాట్లాడుతున్నారు. నాకు నోరుంది. నాలుక అంగిలికి అతుక్కుని ఉంది.

వంగి మరచెంబు తీశాను. మూత తిప్పాను. గ్లాసు వెతకలేదు. చెంబు ఎత్తి తాగాను. కాచిన నీళ్లు, కొంచెం పొగవాసన. గడ్డం మీదుగా రవికె తడిసింది. తాగుతూనే ఉన్నాను.

“ఏందే ఇది?” మా ఆయన గొంతు తగ్గించాడు. “నంద్యాల ఇంకా శానా దూరముండాది. ఇప్పుడు తాగితే యాడ పోతావు?”

చెంబు దించేసరికి పక్క నుంచి ఒక చెయ్యి వచ్చింది. గాజుల చెయ్యి. రామేశ్వరమ్మ.

“నాకూ ఇయ్యి.”

“ఒక్కపొద్దు అంటివి కదమ్మా” అన్నాను.

“యాడి ఒక్కపొద్దు” అంది నాకే వినపడేలా. “ఈయనతో కారెక్కిన రోజల్లా నాకు ఒక్కపొద్దే.”

నేను ఎంగిలి చేసిన చెంబుకే నోరు పెట్టి తాగింది. పొద్దుటి నుంచి ఆమె గురించి నేను అనుకున్నదంతా ఆ గుటకలతో పాటు పోయింది. అడుగున మిగిలింది నాకు ఇచ్చింది. అదీ తాగేశాను.

ఎండిపోయిన వాగు ఒకటి వచ్చింది. గట్టున తుమ్మకంపలు గుబురుగా ఉన్నాయి.

“రంగయ్యా, కారాపు” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

రంగయ్య పక్కనున్న ఆఫీసరు వైపు చూడలేదు. అద్దంలోంచి నా వైపు చూసి బ్రేకు వేశాడు. ఆఫీసరు గబుక్కున దుర్భిణి అందుకున్నాడు. “యాడ? యాడుంది పిట్ట?”

“పిట్ట లేదు సార్. మేం దిగాల.”

మా ఆయన నోరు తెరిచాడు. రామేశ్వరమ్మ అప్పటికే తన వైపు తలుపు తీసింది. దిగి, ముందు కిటికీలోంచి చెయ్యి పెట్టి, భర్త మెడలోంచి దుర్భిణి తీసి తన మెడలో వేసుకుంది. మేమిద్దరం తొందర లేకుండా తుమ్మకంపల వైపు నడిచాం.

సోమవారం హెడ్మాస్టరును తాళంచెవి అడగలేదు. ఆళ్లగడ్డ బడికి సుత్తి తీసుకుపోయాను.