దరఖాస్తులో తండ్రి పేరు

బడి సంతబొమ్మాళిలో ఉంది. అక్కడికి పోవాలంటే దారిలో పారే గెడ్డ దాటాలి. రెండేళ్ల కిందట వానల్లో బడికి పోతూ సింహాచలమ్మ కొడుకు ఆ గెడ్డలోనే కొట్టుకుపోయాడు. అందుకే కూతురు గౌరమ్మను ఆవిడ బడి మొహం చూడనివ్వలేదు. పుట్టింట్లో తాను నేర్చుకున్న నాలుగు అక్షరం ముక్కలూ కొబ్బరితోటలో కూర్చోబెట్టి పిల్లకు నేర్పింది. మొగుడు చూస్తే రంగూన్‌లో బియ్యం మిల్లు కూలి. ఇక అడ్డు చెప్పేదెవరు?

తెల్లదొరల సర్కారు చెప్పింది. ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఆరేళ్లు దాటితే బడికి పోవాల్సిందేనని ఆ ఏడు దండోరా వేశారు. ఇంట్లోనే చదివించుకుంటామంటే దరఖాస్తు పెట్టాలట, ఇనస్పెక్టరు వచ్చి పిల్లను పరీక్షించాలట, ఆయన సరేనంటేనే మినహాయింపట.  సింహాచలమ్మ తన చేత్తోనే దరఖాస్తు రాసి పంపింది.

ఒక పొద్దున ఇనస్పెక్టరు, ఆయన గుమాస్తా ఇంటికొచ్చారు. ఇనస్పెక్టరు నెమ్మదస్తుడే. గుమాస్తా మాత్రం కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం.

"తండ్రి పేరు దగ్గర ఖాళీ వదిలేశావేం?" అన్నాడు.

సింహాచలమ్మ తల దించుకుంది. మొగుడి పేరు నోటంట అనడమే! రాస్తే మాత్రం అన్నట్టు కాదా ఏం? సముద్రం అవతలున్న మనిషికి ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ భయం. పక్కింటి కాసులమ్మ ఊరుకోలేక అందుకుంది.

"ఆయన పేరు పోలారావు బాబూ! ఆడది మొగుడి పేరు ఎలగంటాది? పాపం గాదా?"

"నిన్నడిగానా? దరఖాస్తు ఎవరు పెట్టారో వాళ్లే పూర్తి చేయాలి. లేదంటే చెల్లదు. రేపట్నుంచి పిల్ల బడికి రావాలి."

ఒక పక్క మొగుడు, ఒక పక్క బిడ్డ. సింహాచలమ్మ కళ్ల ముందు గెడ్డ నీళ్లు తిరిగాయి. తప్పు కాయమని దేవుడికి దండం పెట్టుకుని నోరు తెరిచింది. 

ఈలోగా గౌరమ్మ గుమాస్తా చేతిలోని కలం లాక్కుంది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ!" అని కాసులమ్మ అనేలోపే, ఆ ఖాళీలో వంకరటింకరగా "పోలారావు" అని రాసేసింది.

సింహాచలమ్మ నిర్ఘాంతపోయింది. ఆ పేరు తాను ఎన్నడూ నేర్పలేదు.

"ఇది ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు ఇనస్పెక్టరు.

"ఎవులూ నేర్పలేదు బాబూ. నాయిన ఉత్తరం వత్తే అమ్మ సదివి ఇనిపిత్తాది. ఆకరికొచ్చీసరికి ఆగిపోద్ది. ఆగిన కాడ ఏటున్నాదో నానే కూడబలుక్కున్నాను."

ఇనస్పెక్టరు పకపకా నవ్వాడు. "చదివి వినిపించనిది కూడా చదివేస్తోంది. ఇంక పరీక్షెందుకయ్యా? మినహాయింపు రాయి."

గుమాస్తా మూతి ముడుచుకునే రాశాడు.

వాళ్లు వెళ్లాక గౌరమ్మ బెదురుగా తల్లి వైపు చూసింది. "తప్పు సేసినానా అమ్మా?"

సింహాచలమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. బిడ్డ ఇక గెడ్డ దాటక్కర్లేదు. 

"తప్పేటే? నాను అనకూడదు గాని, ఇనకూడదని ఎవులన్నారు? ఈ మాటు ఉత్తరం వత్తే నువ్వే సదువు. ఆకరిదాకా సదువు."