ఏడో కాగడా

దుర్గమ్మకు కోపం మొదట తన మీదే వచ్చింది. తర్వాతే ఆ కోట మీదికీ, అందులోని మహావీరుడి మీదికీ మళ్లింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ గోదావరి అవతల మిరపకాయలు ఏరి, కూలి కింద దక్కిన ఎండుమిర్చి బస్తాను జీపు మీద వేసుకుని ఇంటికి వస్తున్నారు. సరిహద్దులో తర్లగూడ చెక్‌పోస్టు ఇంకో అరగంట ఉందనగా మంచు కమ్మింది. మంచు విడిచేసరికి రోడ్డు లేదు, చెక్‌పోస్టు లేదు. ఎదురుగా రాతికోట, బల్లేలు పట్టిన మనుషులు. డ్రైవరు గిరీష్ ఫోను పైకెత్తి నాలుగు దిక్కులా తిరిగి, సిగ్నల్ దొరక్క జీపు పక్కన కూలబడ్డాడు. అక్కడివాళ్లు మాట్లాడేది తెలుగే గానీ, కోటలోని దొరలది పాతపుస్తకాల తెలుగు.

రెండు రోజులు పస్తులున్నారు. మూడోనాడు కోట గుమ్మం ముందు జనం వరుసలో నిలబడ్డారు. లేఖరి ఒకడు తాటాకు మీద పేర్లు రాస్తున్నాడు. లైను ఉందంటే పని ఉన్నట్టు, పేరెక్కిందంటే తిండి ఉన్నట్టు. దంతెవాడ ఆఫీసుల దగ్గరైనా, కంట్రాక్టరు ముందరైనా దుర్గమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూసింది అదే. చెల్లెలు నవీనను జబ్బ పట్టి ముందుకు తోసింది. పిల్ల పేరు చెప్పి వేలిముద్ర వేసింది. ముగ్గురికీ కడుపునిండా గంజి పోశారు.

ఆ గంజి ఎందుకు పోశారో వరుస పక్కన కూర్చున్న ముసలమ్మ చెప్పింది. కొండగుహలో ఒక మృగం ఉంది. దాన్ని తన కత్తితోనే చంపుతానని చండవిక్రముడనే మహావీరుడు శపథం చేశాడు. గుహలోకి ఆయన ముందు ఒకరు కాగడా పట్టుకుని నడవాలి. మృగం వాళ్ల మీద పడినప్పుడు ఆయన కత్తి దూస్తాడు. ఇప్పటికి ఆరుగురు పోయారు. వాళ్లలో ముగ్గురు ఆ ముసలమ్మ కొడుకులు. మృగం మాత్రం నిక్షేపంగా ఉంది. ఆయన మీద పాటలు ఆరు పుట్టాయి, ఒక్కదాంట్లోనూ కాగడా పట్టినవాడి పేరు లేదు. కొత్తగా పేరెక్కినవాళ్లదే ముందు వంతట, ఏడో కాగడా రేపు పొద్దున నవీన పట్టాలి.

పిల్లను తోసింది తనే కదా అని తన్ను తానే తిట్టుకుంటూ దుర్గమ్మ లేఖరి కాళ్లమీద పడింది. రాసిన పేరు కొట్టేయడం కుదరదన్నాడు. ఎక్కడికి పోయినా ఈ కాగితాల జాతి ఒక్కటే అనుకుని పళ్లు నూరింది. మహావీరుడి దగ్గరికి పోతే ఆయన తన పాట తానే వింటూ, చెయ్యి ఊపి పంపించేశాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. చేలోకి అడవిపందులు దిగితే మిర్చి పొగ పెట్టి తరిమిన మనిషి ఆమె. ఎంత మృగమైతేనేం, దానికీ ముక్కుంటుంది కదా.

తెల్లారేసరికి ఆమె, గిరీష్ కలిసి గుహ ముందు గాలివాటం చూసి పిడకలు పేర్చి, వాటి మీద బస్తా గుమ్మరించారు. అడుగున ఇంత పొడి, గింజలు మిగిలాయి. డప్పులతో ఊరేగింపు వచ్చింది. ముందు కాగడాతో నవీన నడుస్తోంది. దుర్గమ్మ ఆ కాగడా లాక్కుని పిడకలకు అంటించి, దాన్ని నేలకు గుచ్చింది.

"పొగబెట్టుట వీరధర్మము కాదు" అన్నాడు మహావీరుడు.

"మరి నా చెల్లెను ముందర నడిపిచ్చుడు ఏం ధర్మం? నీకు కత్తుంది, డాలుంది. దాని చేతిల ఏముంది?"

ఈలోగా ఘాటు గుహలోకి పోయింది. లోపల కొండ కదిలినట్టు తుమ్ములు. ఏనుగంత మృగం కళ్లూ ముక్కూ కారుకుంటూ బయటికొచ్చి, ఎవరి వంకా చూడకుండా అవతలి కొండెక్కి, దాన్నీ దాటి పోయింది. జనం దగ్గుతూనే నవ్వారు. నవీన ఏడుస్తూ అక్కను కరుచుకుంది.

మహావీరుడు మాత్రం నవ్వలేదు. తన శపథం చెడిందట. మృగాన్ని మళ్లీ గుహకు రప్పించి తీరాలట. నేలకు గుచ్చిన కాగడాను కాలితో చూపించాడు.

"పిల్లా, కాగడా యెత్తుము."

అప్పుడు అర్థమైంది దుర్గమ్మకు. మృగం పోవడం ఈయనకు అక్కర్లేదు. అది లేకపోతే ఈయన లేడు. ఆరుగురు దీనికా పోయింది? బస్తా అడుగున చెయ్యి పెట్టి, పిడికెడు పొడి తీసి ఆ మొహాన కొట్టింది.

కత్తి ఒకవైపు, డాలు ఒకవైపు పడ్డాయి. మహావీరుడు కళ్లు పట్టుకుని నేలమీద దొర్లుతూ నీళ్లు, నీళ్లని అరిచాడు. భటులు జనం వంక చూశారు. జనం కదల్లేదు. వాళ్లూ కదల్లేదు.

ముసలమ్మ ఒక్కతే నీళ్లకుండ చంకన పెట్టుకుని లేచింది. మెల్లగా నడిచింది. ఆయన్ని దాటిపోయి, ఆ నీళ్లన్నీ కాగడా మీద కుమ్మరించింది. తర్వాత ఖాళీ కుండ పక్కన పెట్టి, దుర్గమ్మ ముందు కొంగు పట్టింది.

"ఆ గింజలు నాకు పెట్టు తల్లీ. విత్తుకుంటాను."

దుర్గమ్మ బస్తా తిరగేసి ఆమె కొంగులోకి దులిపింది. చెయ్యి ఇంకా భగభగ మండుతూనే ఉంది.