గోరింటకు ఆకలి వేస్తోంది

మొదటి కబురు మంగళవారం వచ్చింది. అబీదా బీ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. చాప మీద పడి ఉన్న ఫోను టింగుమంది. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోను చేతికి అందినంత దూరం పట్టుకుని, ఎప్పటిదో ఐదో తరగతి చదువు కూడదీసుకుని ఒక్కొక్క అక్షరమే చదివింది.

"గోరింటకు ఆకలి వేస్తోంది. మీరు మరిచిపోయారా?"

పైన పంపినవాళ్ల పేరు ఉంది, కానీ ఇంగ్లీషులో ఉంది. పేరు పక్కన ఏదో జంతువు పాదం గుర్తు. ఆమెకు తెలుగు అక్షరాలు తప్ప మరొకటి రాదు. మళ్లీ మొదటినుంచి చదివింది. పెనం మీద రొట్టె మాడి పొగ వచ్చేదాకా చదువుతూనే ఉంది.

గోరింట ఆమె మేక. ఒళ్లంతా నలుపు, ముందుకాళ్లు మాత్రం గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా ఉంటాయి. పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది. ఇప్పుడది తొలి సూడి, కడుపుతో ఉంది. ఎండాకాలం మొదట్లో అబీదా బీ మోకాలు పట్టేసి, మేక వెంట గుట్ట ఎక్కలేకపోయింది. అప్పుడే దాన్ని ఎర్రగుట్ట ఊళ్లో ఉండే రామేశ్వరమ్మకు పాలుకు ఇచ్చింది. పాలుకు ఇవ్వడమంటే మేక ఇచ్చినవాళ్లదే, మేపే పని తీసుకున్నవాళ్లది, ఈనిన పిల్లల్లో చెరి సగం. దానికి కాగితం ఉండదు, సాక్షి ఉండడు. మధ్యలో జీవం చస్తే చెవి కోసి తెచ్చి చూపించాలి, అంతే.

ఆమె భర్త బుడేన్ సాహెబ్ పరుపులు కుట్టే మనిషి. ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు మాత్రం సూది పక్కన పెట్టి అడిగాడు.

"సూడి మేకను పరాయి వాకిట్లోకి తోలుతాండావే. రేపు కసాయి చేతిలో పెడితే ఎవురిని అడుగుతావు?"

"రామేశ్వరి నాకు చెల్లెలి లెక్క. నువ్వు పరుపు చూసుకో," అంది అబీదా బీ.

అంత మాట అన్నాక ఇప్పుడు ఈ కబురు ఆయనకు ఎలా చూపిస్తుంది? మాడిన రొట్టె తన కంచంలో వేసుకుని ఊరకుంది.

కబురు పంపింది ఎవరై ఉంటారా అని ఆ మధ్యాహ్నమంతా లెక్కలు వేసింది. మేక పేరు తెలిసినవాళ్లు, తన నంబరు తెలిసినవాళ్లు, పేరు బయటపడకూడదని అనుకునేవాళ్లు. చివరికి గిడ్డమ్మ దగ్గర ఆగింది. గిడ్డమ్మది రామేశ్వరమ్మ పక్క ఇల్లే. గోడ మీద నుంచి చూస్తే మేక కనబడుతుంది. పైగా నీళ్ల కాలువ దగ్గర గొడవపడినప్పటినుంచి ఇద్దరికీ మాటలు లేవు. కానీ గిడ్డమ్మ ఇంత పుస్తకం భాషలో మాట్లాడదే అని ఒక అనుమానం వచ్చింది. చదువుకున్న పిల్ల ఎవరిచేతనో రాయించి ఉంటుందిలే అని దాన్ని తోసేసింది.

గది మూలలో మనవరాలు సమీరా గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని జేజి ఫోను తెరిచింది. ఆరేళ్ల పిల్ల. వాళ్లమ్మ పొద్దున్నే టమాట కోతకు పోతుంది, నాన్న రబ్బానీ బద్వేలులో పని చేస్తాడు. మేకను తోలేసినప్పుడు సమీరా రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాతా తలుచుకుని ఏడుస్తూనే ఉంటే, మొన్న ఆదివారం వచ్చిన రబ్బానీ చూడలేక జేజి ఫోన్లోనే ఏదో పిల్లల ఆట పెట్టిచ్చి పోయాడు. బొమ్మ జంతువులకు అన్నాలు, స్నానాలు, సూది మందులు. అప్పటినుంచి పిల్ల ఏడుపు మానింది. అబీదా బీ ఆ ఆటను ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

బుధవారం రెండో కబురు వచ్చింది. "గోరింట ఒంటరిగా ఉంది. మీ కోసం ఎదురుచూస్తోంది."

ఇక ఆగలేక రామేశ్వరమ్మకు ఫోను చేసింది.

"ఏమ్మే, బాగుండారా?"

"బాగుండామక్కా. మోకాలెట్లుండాది?"

"ఉండాదిలే. గోరింట మేస్తాందా?"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. "మేస్తాంది. ఎందుకక్కా?"

"ఊరికేనే. ఒంటరిగా కట్టేస్తాండారా దాన్ని?"

"ఒంటరిగా ఎందుకుంటాది? మా గొర్రెలుండాయి గదా. ఎవురేమన్నా చెప్పినారా?"

"ఎవురు చెప్తారు," అని అబీదా బీ ఫోను పెట్టేసింది. పెట్టేశాక ఆ మాటనే పట్టుకుంది. తప్పు లేనివాళ్లు ఎవరన్నా చెప్పారా అని అడుగుతారా? ఆ మాట ముందు వచ్చిన నిశ్శబ్దం ఎందుకు? రామేశ్వరమ్మ పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించడానికి ఆగి ఉండొచ్చని ఆమెకు తోచలేదు.

గురువారం రెండు కబుర్లు వచ్చాయి. పొద్దున, "గోరింటకు జ్వరం వచ్చింది. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి." గంట తిరక్కముందే, "గోరింటకు నయమైంది. ధన్యవాదాలు!"

మొదటిది చదివి ఆమె గుండె జారింది. రెండోది చదివి ఇంకా జారింది. సూడి మేకకు గంటలో జ్వరం ఎక్కడైనా పోతుందా? గిడ్డమ్మను ఎవరో చూసి బెదిరించి ఉంటారు. చెప్పింది చెప్పలేదని మాట మార్చి ఉంటుంది. లేకపోతే ఆ ధన్యవాదాలు ఎందుకు, ఎవరికి?

ఆ రెండు కబుర్ల నడుమే సమీరా వచ్చి, "జేజీ, ఫోనీయి," అంది.

"కొంచెం ఆగు తల్లీ. నాకు ముఖ్యమైన కబురు వస్తాంది."

"నాకూ శానా పనుండాది."

"నీకేం పనే?"

"మందు తాపాల."

అబీదా బీ ఆ మాట చెవిన పెట్టలేదు, పిల్ల గోల పడలేక ఫోను మాత్రం ఇచ్చేసింది. ఆమె కళ్లు గోడమీద ఉన్నాయి, మనసు ఎర్రగుట్టలో ఉంది.

శుక్రవారం పొద్దున వచ్చిన కబురు అన్నిటికన్నా చిన్నది. "గోరింట స్నానం చేసి మెరిసిపోతోంది!"

పట్నంవాళ్లెవరైనా చదివితే నవ్వి ఊరకుంటారు. అబీదా బీ మాత్రం మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయింది. మేకకు ఎవరూ స్నానం చేయించరు. నీళ్ల చుక్క పడితేనే అది గోడ ఎక్కుతుంది. జీవానికి నీళ్లు పోసి, రుద్ది, వెంట్రుక నిగనిగలాడేలా చేసేది ఒక్కరోజే. సంతకు తోలే ముందురోజు. శనివారం సంత.

మధ్యాహ్నానికి చివరి కబురు వచ్చింది. "రేపు గోరింట కొత్త ఇంటికి వెళ్తుంది. మీరు సిద్ధమేనా?"

అబీదా బీ లేచి బురఖా తగిలించుకుంది. మోకాలికి పసరు కట్టించుకొస్తానని భర్తకు చెప్పింది. ఆయన దారం కొరుకుతూ తల ఊపాడు. సమీరా వెంటపడితే వదిలించుకోలేక దాన్నీ తీసుకుని ఆటో ఎక్కింది. దారి పొడవునా పిల్ల ఫోను అడుగుతూనే ఉంది, ఆమె ఫోను పిడికిట్లోనే పట్టుకుంది.

రామేశ్వరమ్మ వాకిట్లో చాట ముందు పెట్టుకుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. వీళ్లను చూసి మొహం విప్పారింది.

"రా అక్కా, రా. ఎండలో వచ్చినావే. ఏం పాపా, పెద్దదానివైనావు." చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

అబీదా బీ చెంబు అందుకుంది గానీ తాగలేదు. ఆమె చూపు దొడ్లో గుంజ దగ్గరికి పోయింది. గుంజకు తాడు లేదు, మేక లేదు. గుంజ చుట్టూ నేల తడిగా ఉంది.

"గోరింట యాడ?"

"మా ఆయన తోలుకొని పోయినాడు."

"యాడికి?"

"యాడికేంది, చెట్టు కొమ్మ ఏదన్నా అందిచ్చేదానికి. ఈడ మేత లేదు గదా."

"నేల ఎందుకు తడిసుండాది?"

రామేశ్వరమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఏందక్కా ఇది? పోలీసోళ్ల మాదిరి అడుగుతాండావు."

"కడిగినారు గదా దాన్ని."

"ఎవురు?"

"రేపు సంతకని కడిగినారు. నాకంతా తెలుసు రామేశ్వరీ. మూడు దినాల్నుంచి దానికి మేత లేదు, జరమొచ్చె, ఒంటరిగా కట్టేస్తిరి. ఇప్పుడు అమ్మేదానికి తోలుకొని పోయినారు. సూడి మేకను. చెల్లెలనుకుంటి నిన్ను."

గోడ అవతల గిడ్డమ్మ పాత్రలు తోముతున్న చప్పుడు ఆగింది. రామేశ్వరమ్మ లేచి నిలబడింది. ఒళ్లో ఉన్న శెనక్కాయ పొట్టు అంతా నేల మీద రాలింది.

అప్పుడే సందు మలుపులో రామేశ్వరమ్మ భర్త గోపన్న కనిపించాడు. చంకలో వేపమండలు, చేతిలో తాడు, తాడు చివర గోరింట. కడుపు రెండు పక్కలా గంపల్లాగా పొంగి, ఆ ఎర్రకాళ్లతో నిదానంగా అడుగులు వేస్తూ వస్తోంది. అబీదా బీ గొంతు విని ఒక్క అరుపు అరిచి తాడు లాక్కుని వచ్చి ఆమె బురఖా అంచు నమలడం మొదలుపెట్టింది. వెంట్రుకకు దుమ్ము, తోకకు ముళ్లకాయలు. కడిగిన మేక కాదు.

"ఎప్పుడొచ్చినావక్కా?" అన్నాడు గోపన్న. తడి నేల చూసి భార్య మీద విసుక్కున్నాడు. "మళ్లా కుడితి తన్నేసిందా ఇది? గుంజకు దూరంగా పెట్టమంటే వినవు గదా."

భార్య మొహం చూసి ఆయనా ఆగిపోయాడు. "ఏమైంది?"

"అక్క మేకను సంతకు అమ్మినామంట," అంది రామేశ్వరమ్మ.

"ఎవురు చెప్పినారు?"

అబీదా బీ ఫోను ముందుకు చాపింది. "చూడప్పా గోపన్నా, నేను కల్పించింది కాదు. అక్షరాలుండాయి చూడు. గోరింట కొత్త ఇంటికి పోతాందని ఉండాదా లేదా?"

గోపన్న చదివాడు. మళ్లీ చదివాడు. "ఉండాది," అన్నాడు అయోమయంగా.

"అది నాది," అంది సమీరా.

ఎవరూ పట్టించుకోకపోయేసరికి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని, ఆ కబురు మీదే వేలు పెట్టింది. పాట మోగింది. తెర మీద నల్ల మేకపిల్ల బొమ్మ గంతేసింది. మెడలో గులాబిరంగు రిబ్బను, పక్కన నీళ్ల తొట్టి, గడ్డి గంప, థర్మామీటరు. నెత్తిన తెలుగులో పేరు ఉంది.

"పేరు చెప్పమన్నాది. మైకు నొక్కి గోరింట అని చెప్పినా, అదే రాసుకున్నాది," అంది సమీరా. "అన్నం పెట్టకపోతే పిలుస్తాది. నిన్న జరమొస్తే మందు తాపినా. పదిసార్లు కడుపు నిండితే మిద్దె ఇల్లు ఇస్తాది. రేపు ఇస్తాది."

అబీదా బీ వంగి ఆ బొమ్మను చూసింది.

"నువ్వు ఆ గోరింటని ఇచ్చేస్తివి గదా జేజీ," అంది పిల్ల, బొమ్మ నెత్తిన వేలితో నిమురుతూ. "దీన్ని నేను ఎవురికీ ఇయ్యను."

గోపన్నకు నవ్వు వచ్చింది, భార్యను చూసి మింగేశాడు. రామేశ్వరమ్మ ఆయన చేతిలోంచి తాడు తీసుకుని అబీదా బీ ముందుకు వచ్చింది. తాడు కొస ఆమె వైపు పట్టింది. పాలుకు ఇచ్చిన జీవం తాడు ఇలా తిరిగి చేతిలో పెడితే ఇక పొత్తు తెగినట్టే. మళ్లీ కలవడం అంటూ ఉండదు.

"పట్టుకో అక్కా."

"రామేశ్వరీ..."

"ఆ పొద్దు ఫోను చేసి మేస్తాందా అని అడిగినావే, అప్పుడే ఉండాదా ఇది నీ మనసులో?"

"ఉండాది."

"ఒక మాట అడిగింటే అయిపోయేది గదా."

"ఎట్లడగాల?"

"నోటితో." రామేశ్వరమ్మ తాడు ఇంకొంచెం ముందుకు చాపింది. "ఎవురు చెప్తాండారనుకుంటివి నీకు?"

అబీదా బీ తల దించుకుంది. "గిడ్డమ్మ అనుకుంటి."

గోడ అవతల నుంచి కంచం కిందపడిన చప్పుడు వచ్చింది. "నాకు ఫోను ఎత్తేదే రాదు తల్లీ," అంది గిడ్డమ్మ గొంతు. "మా పిల్లోడు ఎత్తి చెవిలో పెడతాడు."

రామేశ్వరమ్మ పెదవి అదిరింది. నవ్వు రాబోయింది, రానివ్వలేదు. తాడు మాత్రం అలాగే పట్టుకుంది. అబీదా బీ చేతులు రెండూ బురఖా లోపలికి లాక్కుంది. చెయ్యి చాపితే పొత్తు పోతుంది, చాపకపోతే ఏ మొహంతో నిలబడుతుంది?

గోపన్న ముందుకు వచ్చి వేపమండలు మేక ముందు పడేశాడు. "ఈ ఎండలో దీన్ని నడిపిచ్చేది లేదు. ఆటోలో ఎక్కిచ్చేది అంతకన్నా లేదు. పదైదు దినాల్లో ఈనుతాది. కావాలంటే ఇద్దరూ నన్ను తిట్టుకోండి," అని భార్య చేతిలోంచి తాడు తీసి గుంజకు కట్టేశాడు.

"అయితే ఈనేదాకా ఉంటాది," అంది రామేశ్వరమ్మ. "ఆ పైన చూసుకుందాం."

"నేను వచ్చి చూసిపోవచ్చునా?"

"దినామూ రా. నీ కండ్లతోనే చూసుకో."

పిలుపో, దెప్పుడో తెలియలేదు. అబీదా బీ మేక పక్కన నిదానంగా కూర్చుని దాని కడుపు మీద అరచెయ్యి ఆనించింది. లోపల ఏదో ఒకవైపు తన్నింది. కొంచెం ఆగి రెండోవైపు తన్నింది. సమీరా ఫోను పక్కన పెట్టి వచ్చి తన చెయ్యి కూడా పెట్టింది.

"రెండుండాయంటాడు మా ఆయన," అంది రామేశ్వరమ్మ, అటు చూడకుండానే.

అబీదా బీ తల ఊపింది. రెండైతే చెరొకటి అన్న మాట ఇద్దరి నోటిదాకా వచ్చింది. ఎవరూ ముందు అనలేదు. కొంతసేపటికి ఆమె చాట తన వైపు లాక్కుని శెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది. రామేశ్వరమ్మ వద్దనలేదు.