ముప్పై కిలోవాట్ల మనశ్శాంతి

మా నాన్న ఎర్నెస్ట్ సట్‌క్లిఫ్ నలభై ఏళ్లు ఇంగ్లండులోని టాడ్‌మోర్డెన్‌లో ఇళ్లను వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్లు బిగించాడు. ఏ ఇంటికి ఎంతది కావాలో తేల్చడానికి ఆయనకు అర నిమిషం చాలు. గదుల్లో వేడినిచ్చే రేడియేటర్లు లెక్కపెట్టి ఒక్కోదానికి రెండు కిలోవాట్లు వేసుకునేవాడు. వేడినీళ్ల ట్యాంకుకు నాలుగు, ఆపైన మనశ్శాంతికి ఇంకో పది. మనశ్శాంతి ఎవరిదని ఎవరూ అడగలేదు.

మొన్న నవంబరులో ఆయన సొంత ఇంట్లో బాయిలర్ చచ్చింది. ఆయన ఊపిరితిత్తులూ ఇంచుమించు అదే దారిలో ఉన్నాయి. ఈ చలికాలం ఆయనకు జలుబు పట్టనివ్వొద్దని డాక్టర్ గట్టిగానే చెప్పాడు. కొత్త బాయిలర్ పెట్టడానికి నేను వెళ్లాను. పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. నా వ్యాను మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంటుంది.

టేపు తీసి గోడలూ కిటికీలూ కొలవడం మొదలుపెట్టాను.

"ఏమే జానిస్, కర్టెన్లు కుట్టిస్తావా?"

"ఇంట్లోంచి ఎంత వేడి బయటికి పోతుందో చూస్తున్నా నాన్నా."

"ఎనిమిది రేడియేటర్లు. ముప్పై. ఇక టీ పెట్టు."

నా లెక్క ఏడు కిలోవాట్ల దగ్గర తేలింది. నీళ్లు కాగడానికి కూడా కలిపి పన్నెండుది చాలన్నాను. కొట్లో అంతకన్నా చిన్నది దొరకదు.

"పన్నెండా! దాంతో గుడ్డయినా ఉడుకుతుందటే?"

"పెద్దదైతే నాలుగు నిమిషాలు మండి ఆగిపోతుంది. మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. గ్యాస్ దండగ. ఒక పూట ఉడికిపోతావ్, ఒక పూట వణికిపోతావ్."

"అంటే నలభై ఏళ్లూ నేను గాడిదలు కాశానంటావ్."

నేను టేపు చుట్టేశాను. అవునన్నట్టే తీసుకున్నాడు.

"సరే, పెట్టు. ఒక్క రోజు ఈ ఇంట్లో నాకు చలేసిందా, దాన్ని పీకేసెయ్. వ్యాను మీద నా పేరూ చెరిపేసెయ్."

నాకు కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ భయం వేసింది. అయినా పన్నెండుదే పెట్టాను.

జనవరిలో ఒక రోజు పొద్దున్నే మైనస్ నాలుగు డిగ్రీలు. పనులన్నీ వదిలేసి పరుగున వెళ్లాను. నాన్న బాయిలర్ ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతిలో గడియారంతో కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చొక్కా ఒక్కటే.

"ఆరింటి నుంచి చూస్తున్నా. ఒక్కసారీ ఆగలేదు. సన్నగా మండుతూనే ఉంది."

"చలేస్తోందా?"

గడియారం జేబులో పెట్టుకున్నాడు. "లేదు."

ఆ మాట కోసం ఎన్నేళ్లు కాచుకుని ఉన్నానో నాకు అప్పుడే తెలిసింది. సంతోషం పట్టలేక కెటిల్ వైపు తిరిగాను. వెనక్కి చూసేసరికి ఆయన ఓవర్‌కోటు వేసుకుంటున్నాడు.

"ఈ చలిలో ఎక్కడికి నాన్నా?"

"ఎదురింటి మిసెస్ థ్రెల్‌ఫాల్ దగ్గరికి. గ్యాస్ బిల్లుకి భయపడి బాయిలర్ ఆపేసుకుంది. ఇంట్లో కోటేసుకుని కూర్చుంటోంది పాపం."

"అక్కడెన్ని రేడియేటర్లు?"

"ఐదు."

"ఎంతది పెట్టావ్?"

"ముప్పై. అప్పుడే మొగుడు పోయాడు. ఒంటరిది, చలి ఎక్కువేస్తుందని ఇంకో ఆరు కలిపా."

కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. సాయం చేయబోతే నన్ను ముట్టుకోనివ్వలేదు.

"లెక్క నువ్వు చెప్పు," అన్నాడు. "తప్పు నాదని నేను చెప్పుకుంటా."