అత్తగారి బొటనవేలు

మా ఆడపడుచు బ్రెడ్డు ఫ్యాక్టరీలో లెక్కల పని చేస్తుంది. లెక్కలంటే జమాఖర్చులు కావు. ఏ రోజు ఎంత అమ్ముడైంది, వాన పడితే ఎంత తగ్గింది, ఇవన్నీ కంప్యూటరుకి నేర్పి, రేపు ఎన్ని బ్రెడ్లు కాల్చాలో దానిచేత చెప్పించడం. ఆ సంగతి తేల్చాల్సిన మేనేజర్లు ఇద్దరు. అమ్మకాలాయన ఎప్పుడూ ఎక్కువ కాల్చమంటాడు, పొయ్యిలాయన తక్కువ చాలంటాడు. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఎదురెదురు గదుల్లో కూర్చుని కూడా చీటీలతోనే పోట్లాడుకుంటారు.

అందుకని తను ఒక యాప్ తయారుచేసింది. తెర మీద ఒక గుండీ. పక్కకి జరిపితే కాల్చే బ్రెడ్ల సంఖ్య మారుతుంది. కింద రెండు గీతలు. ఎర్రది మిగిలిపోయే సరుకు, నీలంది బ్రెడ్డు దొరక్క వెనక్కి పోయే గిరాకీ. యజమాని మాత్రం ఒకటే మాటన్నాడు: "ఈ మధ్యాహ్నంలోగా ఆ ఇద్దరిచేతా ఒక్క అంకె మీద సరే అనిపించు, నీ ఉద్యోగం ఖాయం. లేదంటే చీటీలే నయం, నువ్వు వేరే చోటు చూసుకో."

ఆ రోజు ఇంటి నుంచే పని. భోజనాల బల్ల తుడిచి ఇచ్చాను. తను లాప్‌టాప్ తెరిచి ఇద్దరికీ లింకు పంపింది.

"వదినా, నీకూ పంపాను, ఎలా ఉందో చూడు."

నా చేతుల నిండా చిక్కుడుకాయల పీచు. ఫోను అత్తగారి చేతిలో పెట్టాను.

కాసేపటికే అమ్మకాలాయన ఫోను. "అమ్మాయ్, ఇదేంటి? నేను కుడికి లాగుతుంటే అది ఎడమకి పోతోంది!"

అది పెట్టేసేలోపే పొయ్యిలాయన. "ఏమ్మా, నీ గుండీకి దయ్యం పట్టిందా? తగ్గించినకొద్దీ పెరుగుతోంది!"

ఆడపడుచు ఫోను పెట్టేసింది. "నేను నడిపినప్పుడల్లా బాగానే ఉంది వదినా!"

"ఏమే," అన్నారు అత్తగారు నా ఫోను చూస్తూ, "నేను ముట్టుకోలేదు. దానంతట అదే అటూ ఇటూ పరుగెడుతోంది."

ఆడపడుచు వంగి చూసి నెత్తి కొట్టుకుంది. "చచ్చాను! ఎవరి అంకె వాళ్ళకి విడిగా ఉండాలి. నేను అందరికీ కలిపి ఒకేచోట పెట్టేశాను. ఆయన జరిపితే ఈయనకీ జరుగుతోంది."

"అంటే ఇద్దరూ ఒకే గుండీ లాక్కుంటున్నారా?" అన్నాను.

"ఆ సంగతి వాళ్ళకి తెలీదు వదినా!"

"వీళ్ళకంటే చంటిపిల్లలు నయం," అన్నారు అత్తగారు, కళ్ళజోడు సవరించుకుంటూ. "కుడి... ఎడమ... అబ్బో, పొయ్యిలాయన గట్టివాడే!"

ఆడపడుచు తల వంచుకుని తప్పు సరిచేయడంలో పడింది. అది పూర్తికాకముందే యజమాని ఫోను వచ్చింది. తను స్పీకరు నొక్కింది.

"ఇద్దరూ ఒకే అంకె పంపారమ్మా! 'ఎంత లాగినా కదల్లేదు సార్, లెక్కంటే అలా ఉండాలి' అంటున్నారు ఇద్దరూ. ఏం మాయ చేశావు?"

మేమిద్దరం ఒకేసారి అత్తగారివైపు చూశాం. ఆవిడ బొటనవేలు ఫోను అద్దం మీద బిగించి ఉంది.

"చూసి చూసి కళ్ళు తిరిగాయే," అన్నారు తగ్గుస్వరంతో. "మధ్యలోకి లాగి పట్టుకున్నా. వదిలితే మళ్ళీ కొట్టుకుంటారు."

ఊరుకుంటే ఆడపడుచు ఉద్యోగం ఖాయం. నేను చిక్కుడుకాయలు తుంచడం ఆపాను.

"సార్... అది లెక్క చెప్పిన అంకె కాదు. యాప్‌లో తప్పుంది. ఆ అంకె... మా అమ్మ పట్టుకుంది." అని ఉన్నదంతా చెప్పేసింది.

అవతల యజమాని పొరబోయేదాకా నవ్వాడు.

"సరే, అసలు లెక్క ఎంతంటోంది?"

"మా అమ్మ పట్టుకున్నదానికంటే కాస్త తక్కువ సార్."

"అదే కాల్పిస్తాను. ముందు ఎవరి గుండీ వాళ్ళకివ్వు. ఉద్యోగం నీదే. మీ అమ్మగారికి మాత్రం ఖాళీ లేదని చెప్పు."

సాయంత్రానికి యాప్ బాగుపడింది. అత్తగారు ఇంకా నా ఫోను వదల్లేదు.

"ఇది కదలడం లేదేమే?"

"ఇప్పుడది నీ ఒక్కదానిదేనమ్మా. నువ్వు జరిపితేనే జరుగుతుంది."

అత్తగారు గుండీని ఓసారి కుడికి, ఓసారి ఎడమకి జరిపి చూశారు.

"ఛీ, మజా లేదు," అని ఫోను నా చేతిలో పెట్టేశారు.