పదమూడు వలసల గంట

నేను ఒక పూజగంటను. పుట్టింది కంచుతో. నన్ను పోతపోసిన కంచరి, చల్లారాక నా కడుపులో నాలుక వేలాడదీసి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి, "ఇది నోరున్న పిల్ల" అన్నాడు. మెచ్చుకున్నాడో, ముందే జాలిపడ్డాడో తెలియదు. మనుషులు గంటకు నోరుంటే మురిసిపోతారు. ఆడపిల్లకు ఉంటే మాత్రం తలుపులు వేస్తారు.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగనాడు వరహాలమ్మగారు నన్ను కొని ఇంటికి తెచ్చుకున్నారు. రోజూ పొద్దున్నే మడి కట్టుకుని, దీపం పెట్టి, హారతి వెలిగించి, "తల్లీ పైడితల్లీ, రా తల్లీ" అంటూ నన్ను ఊపేవారు. ఆవిడ భక్తిలో కల్తీ లేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. ఇంత ప్రేమగా పిలుస్తున్నారే, ఆ తల్లి నిజంగానే గడప దాటి వస్తే ఏం చేస్తారో అని మాత్రం అప్పుడప్పుడు అనుకునేదాన్ని.

నా బతుకు మలుపు తిరిగింది అమెరికా వల్ల. ఆవిడ మనవరాలు హైమ డిగ్రీ ఆఖరి సంవత్సరం. పేపర్లలో ఒకటి అమెరికా చరిత్ర. ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటే బుర్రకెక్కుతుందని హైమ తన స్నేహితురాళ్ళు సుగుణనూ, పైడితల్లినీ ఇంటికి రమ్మంది. మధ్యాహ్నం మామ్మగారు కునుకు తీసే వేళ నన్ను మెల్లగా ఎత్తుకుపోయి వసారాలో చాప మధ్య పెట్టింది. ఒకరు అడగాలి, తెలిసినవాళ్ళు గంట కొట్టాలి, కొట్టినవాళ్ళే జవాబు చెప్పాలి. అదీ ఆట.

హైమకూ సుగుణకూ అది ఆటే. పైడితల్లికి కాదు. కిందటిసారి ఆ పిల్ల ఈ పేపరు తప్పింది. "పదమూడు వలసలు ఎందుకు తిరగబడ్డాయి?" అన్న ప్రశ్నకు వలసంటే వలసే అనుకుని, కరువొచ్చి జనం మూటాముల్లె సర్దుకుని రైలెక్కడం గురించి పేజీల కొద్దీ రాసి వచ్చింది. తనకు తెలిసిన వలస అదే మరి. వాళ్ళ అమ్మా నాన్నా ఏటా చెన్నైలో బిల్డింగు పనికి వెళతారు. ఈసారి కూడా తప్పితే హాస్టల్ సీటు పోతుంది, తనూ వాళ్ళతో పాటు ఇసక తట్ట ఎత్తాల్సిందే. ఇంట్లో తేల్చి చెప్పేశారు.

"అయితే ఈ వలసలంటే ఊళ్ళేనేటే?" అని తొలిరోజే అడిగింది.

"ఇంగ్లండోళ్ళు పోయి పెట్టుకున్న రాజ్యాలే, మొద్దూ!" అంది సుగుణ. "మీ దిబ్బవలసనుకున్నావేటి?"

"మరి మా జిల్లాలో ఏ ఊరు చూసినా వలసే కదే. నాకేటి తెలుసు!"

ముగ్గురూ పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక హైమ అడిగింది: "పదమూడు వలసలు ఎవరిమీద తిరగబడ్డాయి?"

పైడితల్లి చెయ్యి పిట్టలా వచ్చి నన్ను ఎత్తింది. గణగణలాడాను. "ఇంగ్లండు రాజు మీద!"

ఆ చప్పుడుకు మామ్మగారి కునుకు చెదిరింది. లోపలినుంచి కేక వేశారు. "ఏ వలస తిరగబడిందే? కొత్తవలసేనా? బస్సులు తిరుగుతున్నాయా?"

"బస్సులు కాదు మామ్మా, ఓడలు! టీ పెట్టెలు సముద్రంలో పారేశారు!" అని హైమ అరిచింది.

"అయ్యో, టీపొడి పారేయడమేమిటే!" అంటూ ఆవిడ వసారాలోకి వచ్చారు. నన్ను చూశారు. నన్ను పట్టుకున్న చేతిని చూశారు.

"ఎవరమ్మాయివి?"

"పైడితల్లినండి. దిబ్బవలసండి."

"ఊళ్ళోనా, కాలనీయా?"

"కాలనీయేనండి."

మామ్మగారు నన్ను కింద పెట్టించారు. నన్ను తీసుకుపోయి చింతపండు పెట్టి తోమారు. అప్పటికి నాకేమీ మురికి లేదు.

మర్నాడు హైమ బతిమాలితే మళ్ళీ వసారాలోకి వచ్చాను, కానీ ఒక షరతుతో. హైమ నేలచూపులు చూస్తూ చెప్పింది. "పైడీ, ఏమనుకోకే. నీకు జవాబు తెలిస్తే చెయ్యెత్తు. నీ బదులు నేను మోగిస్తాను. మామ్మ పెద్దదయిపోయింది కదా."

ఆట మొదలైంది. సుగుణ అడిగింది. పైడితల్లి చెయ్యెత్తింది. హైమ చూసి, నన్ను అందుకుని, ఊపేలోపు సుగుణే ఆగలేక జవాబు చెప్పేసింది. మళ్ళీ అడిగారు, మళ్ళీ అలాగే. అడిగేవాళ్ళు అడుగుతున్నారు, తెలిసిన పిల్ల చెయ్యెత్తుకుని కూర్చుంది. కంచుదాన్నయినా నాకు ఒళ్ళు మండింది.

ఈసారి హైమ అడిగింది: "స్టాంపు చట్టాన్ని వలసలవాళ్ళు ఎందుకు ఒప్పుకోలేదు?"

పైడితల్లి ఎత్తిన చెయ్యి దించేసింది. "పార్లమెంటులో ఆళ్ళ మనిషి లేడు కాబట్టి. మా మనిషి లేనప్పుడు మా మీద పన్నెలా ఏస్తారన్నారు. దానికి ఇంగ్లండోళ్ళు ఏటన్నారో తెల్సా? మీ తరపున మేం కూకున్నాం కదా, మీకెందుకు అన్నారు." ఆగి హైమ వంక సూటిగా చూసింది. "నువ్వూ అదే అంటన్నావు. నా గంట నువ్వు కొడితే, నాకెందుకే ఈ ఆట?"

హైమ ముఖం కందిపోయింది. సుగుణ మాత్రం, "ఓలమ్మ! దీనికి పేపర్లో ఫస్టు మార్కొచ్చేలా ఉందే!" అంది.

పైడితల్లి చెయ్యి చాచి నన్ను తీసుకుంది. ఎవరూ ప్రశ్న అడగలేదు. అయినా మోగించింది. నేనూ ఊరుకోలేదు. వీధి చివరిదాకా వినబడేలా మోగాను.

మామ్మగారు వచ్చారు. కేకలు వేయలేదు. నన్ను తిరగేసి, కొక్కెం వంచి, నా నాలుక ఊడదీసి కొంగున ముడి వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. గంటకు నాలుక లేకపోతే ఇక గొడవే లేదనుకున్నారు. పాపం, కంచు సంగతి ఆవిడకు తెలియదు. మోగేది నాలుక కాదు, ఒళ్ళు.

మర్నాడు పైడితల్లి రాదేమో అనుకున్నాను. వచ్చింది. చాపమీద నన్ను చూసి, లోపల వేలు పెట్టి తడిమింది. తన టిఫిను డబ్బాలోంచి చెంచా తీసి పక్కన పెట్టుకుంది.

"బానిసత్వం రద్దు చేసింది ఎన్నో రాజ్యాంగ సవరణ?" అడిగింది సుగుణ.

ఠంగ్! "పదమూడు!"

"వలసలూ పదమూడే, సవరణా పదమూడేనేటే? కాపీ కొడుతున్నావేటి?"

"పుస్తకం నీ ఒళ్ళో ఉంది కదే, సూసుకో!"

పరీక్ష దాకా ఆ చెంచా దెబ్బలు తిన్నాను. హైమ కూడా చెంచాతోనే కొట్టింది, నాలుక తిరిగివ్వమని మామ్మను అడిగి కాదనిపించుకున్నాక. లోపల మామ్మగారి హారతి మాత్రం రోజూ నిశ్శబ్దంగా సాగేది. నన్ను ఊపబోయి, గుర్తొచ్చి, కింద పెట్టేసేవారు. కొంగున ముడి మాత్రం విప్పలేదు. ఎవరి పంతం వాళ్ళది.

అమెరికా పేపరు రోజు పొద్దున్న పైడితల్లి హైమకోసం వచ్చి వసారాలో నిలబడింది. లోపల కర్పూరం వెలిగింది. మామ్మగారు కళ్ళు మూసుకుని పిలిచారు. "తల్లీ పైడితల్లీ, రా తల్లీ!"

"ఆఁ, వస్తన్నానండి మామ్మగారూ!"

ఆవిడ కళ్ళు తెరిచేసరికి గడప దాటి లోపల పైడితల్లి. నుదుట కుంకుమ, చేతిలో హాల్‌టికెట్టు. హారతి పళ్ళెం ఆవిడ చేతిలో ఆగిపోయింది. ఆ పిల్లకూ అప్పుడే అర్థమయింది, పిలిచింది తనను కాదని. మరొకరయితే తప్పయిందని వెనక్కి తగ్గేవారు. తగ్గలేదు.

"పిలిచారు, వచ్చానండి. నాకెట్టిన పేరూ అమ్మవారిదేనండి" అంది.

టిఫిను డబ్బాలోంచి చెంచా తీసి, దీపం పక్కనున్న నన్ను కొట్టింది. ఒకసారి కాదు, హారతి ఆరేదాకా. మామ్మగారు ఆపమనలేదు, కొట్టమనీ అనలేదు. కానీ నేను చూశాను, ఆగిన చెయ్యి మళ్ళీ కదిలింది. పళ్ళెం నా మోతకు తగ్గట్టే తిరిగింది. అది అలవాటో, ఆలోచనో ఆ తల్లికే తెలియాలి.

ఆ పిల్ల పరీక్ష రాసింది, పాసయింది. వాళ్ళమ్మా నాన్నా చెన్నై రైలెక్కినప్పుడు తను స్టేషనుదాకా వెళ్ళి, మూటలు అందించి, హాస్టలుకు తిరిగి వచ్చింది.

మామ్మగారు కొత్త గంట కొనుక్కున్నారు. నన్ను పాత సామాన్లతో అటకెక్కించబోతూ ఆగి, "ఈ నాలుక లేనిదాన్ని ఆ దిబ్బవలసదానికే ఇచ్చెయ్యి" అన్నారు హైమతో. కోపమో, కానుకో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాలుక మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడు నేను దిబ్బవలస కాలనీలో ఉన్నాను. సెలవులకు వచ్చినప్పుడల్లా పైడితల్లి అరుగుమీద పిల్లలను కూర్చోబెట్టి నన్ను మధ్యలో పెడుతుంది. కొత్త నాలుక వేయిస్తానని వాళ్ళ నాన్న అంటే వద్దంది. ఒకడు గులకరాయితో కొడతాడు, ఒకతె గాజుతో, ఇంకొకడు వేలి కణుపుతో. నా ఒళ్ళంతా సొట్టలు. పూజగదిలో ఉన్నప్పటి మెరుపు లేదు.

నా నాలుక ఇంకా వరహాలమ్మగారి కొంగునే ఉంది. ఉండనివ్వండి. నేను మోగుతున్నాను.